ట్యాస్ మొదలుపెట్టేవారికి: ఎఫ్‌సీఈయూఎక్సా, బిజ్‌హాకా?

మా అన్నయ్య కొడుకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. దసరాకు విజయవాడ వచ్చినప్పుడు ఇంద్రకీలాద్రి మీద క్యూలో నిలబడి అడిగాడు: "బాబాయ్, మారియోతో ట్యాస్ చేద్దామనుకుంటున్నాను. ఏ ఎమ్యులేటర్ పెట్టుకోను?" దర్శనానికి మూడు గంటలు పట్టింది కనుక జవాబు కూడా తీరిగ్గానే చెప్పాను. మెట్లు దిగేసరికి వాడికి సగం గుర్తుంది, నాకు ముప్పావు గుర్తుంది. ఆ ముప్పావే ఇది.

ఎమ్యులేటర్ అంటే పాత ఆటయంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్. ట్యాస్ అంటే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, అంటే పరికరాల సాయంతో ఆటను వీలైనంత త్వరగా ముగించడం. ఆటను నిలిపి, ఒక్కో ఫ్రేముకు (తెర మీద మారే ఒక్కో బొమ్మకు) ఏ బటన్ నొక్కి ఉండాలో మనమే నిర్ణయించి, నచ్చకపోతే వెనక్కి వెళ్లి మార్చి, చివరికి ఆ బటన్ల జాబితాను మొదటి నుంచి ఒక్క ఊపున నడిపించడం. వీడియో ముక్కలు కత్తిరించి అతికించడం కాదు. ఆట లోపలి కోడ్‌ను మార్చడమూ కాదు. ఆటకు అందేవి బటన్ల నొక్కులు మాత్రమే. 2003లో మోరిమోటో అనే జపాన్ ఆటగాడు సూపర్ మారియో బ్రదర్స్ 3ను సుమారు 11 నిమిషాల్లో ముగించిన వీడియో ఇంటర్నెట్‌లో చేతులు మారింది. చూసినవారిలో చాలామంది అది చేత్తో ఆడిందే అనుకున్నారు. ఎలా తయారైందో తెలిశాక మోసపోయామని మండిపడ్డారు. ఆ ఏడాదే బిస్క్విట్ అనే అతను ఇలాంటి వీడియోల కోసం మొదలుపెట్టిన చిన్న సైటు తరవాత ట్యాస్‌వీడియోస్‌గా పెరిగింది. మీరు ఏది చేసినా పైన "ట్యాస్" అని రాసి పెట్టండి. చేత్తో ఆడినట్టు చూపిస్తే అది నిజంగా మోసమే.

ఇక ఎంపిక. ఎఫ్‌సీఈయూఎక్స్, బిజ్‌హాక్ అనే ఈ రెండు ఎమ్యులేటర్లను పోల్చేటప్పుడు అందరూ బొమ్మ ఎంత బాగుంది, ఎన్ని ఆటలు నడుస్తాయి అని చూస్తారు. నేను చూసేది ఒకటే: వెయ్యో ఫ్రేములో చేసిన తప్పు మూడు వేలో ఫ్రేములో బయటపడితే, వెనక్కి వెళ్లి దిద్దుకోవడానికి ఎంత శ్రమ? ట్యాస్ చేసేవాడు ఆడే సమయం కన్నా చెరిపే సమయమే ఎక్కువ. మంచి పలక కావాలి, మిగతావన్నీ తరవాత.

ముందు మీ యంత్రం సంగతి

కొందరికి ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. గవర్నర్‌పేటలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత లాప్‌టాప్, అందులో 32 బిట్ విండోస్ ఉంటే ఆలోచించే పనే లేదు. విండోస్‌లో బిజ్‌హాక్ కొత్త వెర్షన్లు 64 బిట్ మీదనే నడుస్తాయి, నడవడానికి ముందు డాట్‌నెట్ లాంటి సరంజామా కూడా అడుగుతాయి. ఎఫ్‌సీఈయూఎక్స్‌కు 32 బిట్ కూర్పూ ఉంది. జిప్ విప్పి తెరిస్తే చాలు, రెండు జీబీ ర్యామ్‌లో కూడా హాయిగా కూర్చుంటుంది. రెండూ ఉచితమే, రెండింటి కోడూ బహిరంగమే. కాబట్టి డబ్బు పోలిక లేదు.

ఫోనులో చేయవచ్చా అని అడుగుతారు. ఫోనులోని ఎమ్యులేటర్లలో సేవ్ స్టేట్ (ఆట ఉన్న స్థితిని ఉన్నట్టే దాచడం) ఉంటుంది, కొన్నింటిలో వెనక్కి తిప్పే వీలూ ఉంటుంది. కానీ ఫ్రేము ఫ్రేముకూ బటన్లు దిద్దుకునే పట్టిక ఉండదు. ఆ పట్టిక లేకుండా ఈ పని చేయడమంటే తిరగలి లేకుండా పిండి విసరడమే. ఫోను ఆడుకోవడానికి ఉంచుకోండి.

మారియో ఎందుకింత పరుగెడుతున్నాడు?

ఎమ్యులేటర్ తెరవగానే మన తరం వారికి కలిగే మొదటి అనుమానం ఇది. చిన్నప్పుడు సత్యనారాయణపురంలో ఎదురింటి టీవీకి వీడియో గేమ్ తగిలించి, క్యాసెట్‌లో ఉఫ్ అని ఊది, వంతులు వేసుకుని ఆడిన మారియో ఇంత వేగంగా ఉండేవాడు కాదు. మన జ్ఞాపకం తప్పు కాదు, ఎమ్యులేటరూ పాడవలేదు. అమెరికా, జపాన్ కోసం చేసిన నింటెండో యంత్రం సెకనుకు 60.0988 ఫ్రేములు చూపిస్తుంది. మన దేశపు టీవీలు అప్పట్లో పాల్ పద్ధతివి, సెకనుకు 50. వాటికి తగ్గట్టు చేసిన నకలు యంత్రాల్లో అదే ఆట ఆరింట అయిదు వంతుల వేగంతో నడిచేది. మనం ఇన్నేళ్లూ ఆ నెమ్మది మారియోనే అసలు మారియో అనుకున్నాం.

ఇది కబుర్ల కోసం చెప్పలేదు. ఎఫ్‌సీఈయూఎక్స్‌లో ప్రాంతం ఎంచుకునే మెనూ ఉంది: ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీల పద్ధతి), పాల్, డెండీ అని మూడు. డెండీ అనేది రష్యాలో అమ్మిన నకలు యంత్రం పేరు. పాత మోజుతో దాన్ని ఎంచుకుంటే ఆట చిన్నప్పటిలాగే కదులుతుంది, కళ్లు చెమర్చినా చెమర్చవచ్చు. కానీ ట్యాస్ పని మాత్రం అమెరికా లేదా జపాన్ రోమ్‌తో (క్యాసెట్‌లోని ఆటను ఫైలుగా తీసిన నకలు), ఎన్‌టీఎస్‌సీలో మొదలుపెట్టండి. లేకపోతే మీ ఫైలును మరొకరి దానితో పోల్చడానికే కుదరదు.

రోమ్ గురించి కూడా ఒక మాట. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. కానీ ఆటకు హక్కుదారులు ఉన్నారు, ఎక్కడ పడితే అక్కడ దించుకోవడం హక్కుల ఉల్లంఘనే. అటక మీద ఉన్న వందల ఆటల క్యాసెట్ పనికొస్తుందా అంటే, రాదు. అందులో ఆటలు చాలావరకు అటూ ఇటూ మార్చి కుక్కినవి. చిక్కు లేకుండా నేర్చుకోవాలంటే నోవా ద స్క్విరల్ లాంటి ఆటతో మొదలుపెట్టవచ్చు. పాత నింటెండో కోసం ఈ కాలంలో రాసి, కోడ్‌తో సహా బహిరంగంగా ఇచ్చిన ఆట అది.

అసలు పోలిక: రెండు పట్టికలు

ఎఫ్‌సీఈయూఎక్స్‌లో ఉన్నది ట్యాస్ ఎడిటర్, బిజ్‌హాక్‌లో ఉన్నది ట్యాస్టూడియో. రెండూ చూడటానికి లెక్కల పుస్తకంలా ఉంటాయి. ఒక్కో వరస ఒక్కో ఫ్రేము. నిలువు గళ్లు బటన్లవి. ఏ గడిలో నొక్కితే ఆ ఫ్రేములో ఆ బటన్ నొక్కినట్టు. ఇంతవరకు ఆట నడిచిన వరసలు పచ్చగా కనిపిస్తాయి, గ్రీన్‌జోన్ అంటారు దాన్ని. ఆ పచ్చదనంలో ఎక్కడికి కావాలంటే అక్కడికి క్షణంలో దూకవచ్చు, ఎందుకంటే ఆటస్థితి అప్పటికే దాచి ఉంటుంది. పైన ఎక్కడో ఒక గడి మార్చారనుకోండి, దాని కింద పచ్చదనమంతా పోతుంది. అక్కడి నుంచి ఆటను మళ్లీ నడిపించాలి. రెండింటిలోనూ సూత్రం ఇదే.

చేతికి తగిలే తేడా ఎక్కడుందో మారియో మొదటి స్థాయి 1-1తో చూపిస్తాను. మారియో అడ్డం వేగం మెమరీలో 0057 అనే చిరునామాలో ఉంటుంది (హెక్సాడెసిమల్ అనే, పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో). మెమరీలోని అంకెలను కనిపెట్టి చూపించే ర్యామ్ వాచ్‌లో దాన్ని పెట్టుకుని ఆడించండి. నడుస్తుంటే 24 దాటదు. బీ నొక్కి పరుగెత్తితే 40 దగ్గర ఆగుతుంది. ఆ 40ని స్థాయి చివరి జెండా కర్ర దాకా జారిపోకుండా కాపాడుకోవడమే మొదటి పాఠం. గొట్టం అంచు ఒక్క పిక్సెల్ తగిలినా ఆ అంకె సున్నాకు పడిపోతుంది. అప్పుడు దూకే ఫ్రేమును ఒకటి ముందుకు జరుపుతారు, మళ్లీ చూస్తారు, రెండు జరుపుతారు, మళ్లీ చూస్తారు. ఇలా ఒక్క గొట్టం దగ్గర ఇరవై సార్లు.

ఈ ఇరవై సార్ల పనిలో ట్యాస్ ఎడిటర్ నాకు బాగా నచ్చింది. చేసిన ప్రతి మార్పూ పక్కన చరిత్రలా నమోదవుతూ పోతుంది. ఏడో ప్రయత్నమే బాగుందని పదిహేనోదాని దగ్గర అనిపిస్తే ఆ వరస మీద నొక్కితే చాలు. సున్నా నుంచి తొమ్మిది దాకా గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తు కింద ఒక్కో దారిని వేరుగా దాచుకోవచ్చు. నింటెండో కోసమే చేసినది కావడం వల్ల అనవసరమైన మెనూలు అడ్డం రావు. ఒక గంటలో చేయి తిరుగుతుంది.

ట్యాస్టూడియోలోనూ కొమ్మలు (వేరుగా దాచుకునే దారులు), గుర్తులు, వెనక్కి తీసుకునే వీలు అన్నీ ఉన్నాయి. కానీ అది అనేక యంత్రాలకు ఒకే పట్టిక. నింటెండోతోపాటు సూపర్ నింటెండో, సెగా, గేమ్‌బాయ్, ప్లేస్టేషన్, ఇంకా చాలా వాటికి అదే. అందుకే సర్దుబాట్లు ఎక్కువ, మొదట్లో తికమక ఎక్కువ. యంత్రాన్ని అనుకరించే లోపలి ఇంజిన్లలో దేనితో నడపాలో కూడా మీరే తేల్చుకోవాలి. నింటెండోకే నెస్‌హాక్, క్విక్‌నెస్ అని రెండున్నాయి. మొదటిది అసలు యంత్రానికి దగ్గర, రెండోది వేగం కోసం. ట్యాస్‌కు నెస్‌హాకే. ఈ తికమక ఒక వారం ఓర్చుకుంటే లాభం ఏమిటంటే, రేపు సూపర్ నింటెండో ఆటకు మారినా చేతి అలవాటు మారదు.

పచ్చదనం కోసం దాచే స్థితులకు మెమరీ కావాలి. నింటెండో లోపలి ర్యామ్ రెండు కిలోబైట్లు. మన ఫోనులో ఒక చిన్న ఫొటో కూడా అందులో పట్టదు. అందుకే వేల ఫ్రేముల స్థితులు దాచినా పాత కంప్యూటర్‌కు భారం కాదు. నింటెండో 64కు నాలుగు మెగాబైట్లు, అంటే దానికి రెండు వేల రెట్లకు పైగా. నాలుగు జీబీ లాప్‌టాప్‌లో ఆ స్థాయి ఆటలతో ట్యాస్టూడియో తెరిస్తే పచ్చదనం మధ్యమధ్య తెగిపోయి, వెనక్కి దూకిన ప్రతిసారీ కూర్చుని ఎదురుచూడాలి. బిజ్‌హాక్ బరువు అన్న మాట అందరూ అంటారు. నిజానికి బరువు బిజ్‌హాక్‌ది కన్నా మీరు ఎంచుకున్న ఆటది.

కరెంటు సంగతి మరిచిపోకండి. వేసవి మధ్యాహ్నం విజయవాడలో డెస్క్‌టాప్ మీద మూడు గంటలు గొట్టాలు దూకించి, సేవ్ చేయకుండా కరెంటు పోగొట్టుకున్నవాణ్ణి నేను. రెండింటిలోనూ దానంతట అదే సేవ్ అయ్యే ఏర్పాటు ఉంది. మొదటి రోజే చూసి పెట్టుకోండి, వ్యవధి అయిదు నిమిషాలకు మించకుండా.

రెండు రాత్రులు పోసిన ఆరు ఫ్రేములు

ఎమ్యులేటర్ ఏదైనా ఆట నియమం ముందు తెలుసుకోవాలి అనడానికి నా కథే సాక్ష్యం. 1-1లో ఆరు ఫ్రేములు తగ్గించడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. తగ్గించాను కూడా. మొత్తం సమయం చూస్తే ఒక్క ఫ్రేము కూడా మారలేదు! సూపర్ మారియో బ్రదర్స్‌లో స్థాయి ముగిశాక తరువాతి దానికి దారి వదిలేది 21 ఫ్రేములకు ఒకసారి మాత్రమే. గుంటూరులో రైల్వే గేటు పడి ఉన్నప్పుడు ముందొచ్చిన మోటారు సైకిలూ వెనకొచ్చిన లారీయూ గేటు ఎత్తాకే కదులుతాయి కదా, అలాగన్నమాట. 21 ఫ్రేములంటే సెకనులో మూడో వంతు కాస్త పైన. నా ఆరు ఫ్రేములు గేటు దగ్గర నిలబడటానికే సరిపోయాయి.

ఆ గేటు లెక్క 077ఎఫ్ చిరునామాలో ఉంటుంది, 20 నుంచి సున్నాకు దిగుతూ ఉంటుంది. రెండు ఎమ్యులేటర్లలోనూ ర్యామ్ సెర్చ్ (మెమరీలో వెతకడం), ర్యామ్ వాచ్, లువా అనే భాషలో రాసే చిన్న స్క్రిప్టులు ఉన్నాయి కనుక ఇలాంటివి పట్టుకోవడంలో ఒకదానికొకటి తీసిపోవు. లువా పేర్లలో కొంత తేడా ఉంటుంది. దీనికోసం రాసిన స్క్రిప్టు దానిలో యథాతథంగా నడవకపోవచ్చు, నాలుగు పంక్తులు దిద్దుకోవాలి.

ఇంతటి సూక్ష్మం మనుషులకు ఎందుకు అనుకోవద్దు. నిఫ్ట్‌స్కీ అనే ఆటగాడు 2021లో ఇదే ఆటను చేత్తో ఆడి 4 నిమిషాల 54.948 సెకన్లలో ముగించాడు. 4:55 హద్దు అంతకుముందు ఎవరూ చేత్తో దాటలేదు. ట్యాస్‌లో ముందు కనిపించిన ఉపాయాలు తరవాత మనుషుల వేళ్లలోకి దిగడం ఈ ఆటలో మామూలే.

గుంటూరులో గెలిచినవాడు విజయవాడలో చచ్చాడు

అబ్బాయి నా మాట సగం విని, సగం తన మాట నెగ్గించుకుని ఎఫ్‌సీఈయూఎక్స్‌తోనే మొదలుపెట్టాడు. వారంలో ఫైలు పంపాడు. "1-1 అయిపోయింది, చూడు బాబాయ్." నేను ఇక్కడ తెరిచి నడిపిస్తే మారియో ఎదురొచ్చే మొదటి శత్రువు గూంబానే గుద్దుకుని చచ్చాడు. ఆ తరవాత కూడా వెనకాల బటన్లు నొక్కుతూనే ఉన్నాయి, పాపం, శవానికి పరుగు నేర్పుతున్నట్టు. దీన్నే డీసింక్ అంటారు. బటన్ల జాబితా అదే, ఆట మాత్రం వేరే దారి పట్టింది.

కారణం తేల్చడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఎఫ్‌సీఈయూఎక్స్ బటన్ల జాబితాను దాచే ఎఫ్‌ఎం2 ఫైలు మామూలు అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరవవచ్చు. కింద ఒక్కో వరసలో ఎనిమిది స్థానాలు, ఎనిమిది బటన్లకు. నొక్కని చోట చుక్క, నొక్కిన చోట అక్షరం. పైభాగంలో ఎమ్యులేటర్ వెర్షన్, రోమ్ పేరు, దాని చెక్‌సమ్ (ఆ రోమ్‌ను గుర్తుపట్టే సంఖ్య), పాల్ అవునా కాదా అన్నవి ఉంటాయి. వాడి రోమ్ పేరు చివర బ్రాకెట్లలో "ఈ" అన్న ఇంగ్లీషు అక్షరం కనిపించింది. యూరప్ కూర్పు. అందులో మారియో కదలిక లెక్కలనే 50 ఫ్రేములకు తగ్గట్టు మార్చారు. నా దగ్గర ఉన్నది అమెరికాది.

బిజ్‌హాక్ అదే పనికి వాడే బీకే2 ఫైలు జిప్ సంచి. విప్పితే లోపల ఇలాంటి బటన్ల జాబితాయే అక్షరాల రూపంలో ఉంటుంది. కాబట్టి తప్పు వెతకడంలో ఇక్కడా పెద్ద తేడా లేదు. తేడా మరో చోట ఉంది: ఎఫ్‌ఎం2 ఫైలును బిజ్‌హాక్ దిగుమతి చేసుకోగలదు, అటునుంచి ఇటు రావడం అంత సులువు కాదు. దిగుమతి అయినా రెండు ఇంజిన్ల సమయపు లెక్కల్లో వెంట్రుకవాసి తేడా ఉంటే మధ్యలో డీసింక్ కావచ్చు. ఒకే ఎమ్యులేటర్‌లో కూడా జాగ్రత్త అవసరం. ఎఫ్‌సీఈయూఎక్స్‌లో పాత పీపీయూ, కొత్త పీపీయూ అని బొమ్మ గీసే పద్ధతులు రెండున్నాయి. సగం పని అయ్యాక ఒకదాని నుంచి మరోదానికి మారితే చేసిందంతా కూలవచ్చు. ఏ వెర్షన్‌తో మొదలుపెట్టారో దాన్ని ఒక ఫోల్డర్‌లో కట్టిపెట్టి, పని ముగిసేదాకా కొత్త వెర్షన్ వచ్చిందన్న కబురు చెవిన వేసుకోకండి.

మరి మిగతావి?

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మొదటిసారి వారికి వీటితో పని పడదు. గేమ్‌క్యూబ్, వీ ఆటలైతే డాల్ఫిన్. కంప్యూటర్ కోసమే చేసిన ఆటలైతే లిబ్‌ట్యాస్, దానికి లినక్స్ తెలియాలి. నింటెండో 64 మారియోతో ఏళ్లుగా కుస్తీ పట్టేవారు ముపెన్ వాడతారు. స్నెస్9ఎక్స్, జెన్స్ లాంటి వాటికి పాత రికార్డింగ్ కూర్పులున్నాయి. ఇతరుల పాత ఫైళ్లు చూడటానికి పనికొస్తాయి కానీ కొత్తగా మొదలుపెట్టేవారు వాటి జోలికి పోకుండా బిజ్‌హాక్‌లోనే ఆ యంత్రాల ఆటలు చేసుకోవడం మేలు.

నా తీర్పు అడిగితే ఇది: పాత లాప్‌టాప్, కాంట్రా, ట్యాంకుల ఆట, మారియో, ఇంతే మీ ప్రపంచమైతే ఎఫ్‌సీఈయూఎక్స్. మొహమాటం లేదు, అది చిన్నదని తక్కువ చూడవద్దు. మీ మనసు సూపర్ నింటెండో మీదో ప్లేస్టేషన్ మీదో ఉండి, ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే నేరుగా బిజ్‌హాక్. మధ్యలో ఉన్నవారు, అంటే ఈ పని తమకు పడుతుందో లేదో తెలియనివారు, ఎఫ్‌సీఈయూఎక్స్‌లో 1-1 ఒక్కటి పూర్తి చేసి చూడండి. విసుగు పుట్టకపోతే మారడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు. రెండూ ఒకేసారి పెట్టుకుని ఇందులో కొంత, అందులో కొంత చేయడం మాత్రం వద్దు.

అబ్బాయి అమెరికా రోమ్‌తో మళ్లీ మొదటి నుంచి చేశాడు. నిన్న రాత్రి పదకొండున్నరకు ఫోను. 1-2 చివర గోడలోంచి దూరడం వచ్చిందట, గొట్టంలోకి దిగాడట, దిగాక నీళ్లలో తేలాడట. ఎంత ఈదినా స్థాయి అయిపోవడం లేదట. వార్ప్ జోన్ (ముందు స్థాయిలకు దూకించే గొట్టాల గది) సిద్ధం కాకముందే అంచు గొట్టంలో దూరితే మారియో పడేది మైనస్ వరల్డ్ అనే నీళ్ల స్థాయిలోనే, దానికి ముగింపు లేదు. "ఇప్పుడేం చేయను బాబాయ్?" అన్నాడు.

"పచ్చ వరసలు ఎక్కడిదాకా ఉన్నాయి?"

"గోడ దగ్గరిదాకా."

"ఇంకా ముందుకు కొంచెం జరిగి, అక్షరాలు తెర మీదికి వచ్చాక దిగు" అని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఫైలు వచ్చి ఉంది, పేరు చివర 43 అని అంకె వేశాడు.